ఆగస్టు గడ్డి

పద్దు పుస్తకంలో ఆ గీత నాదే.
జూలై నెల. మెగ్నీషియం ఉప్పు, పదహారు సంచులు.
ధర చూసి కొట్టేశాను, పెన్నుతోనే.
సలాదో నది పల్లంలో ఆ ఏడు వానలు ముందే పడ్డాయి.
"ఇంత గడ్డి ఉండగా ఇంకేం పెట్టాలి వాటికి?" అన్నాను.
బెలిసారియో టోపీ సర్దుకున్నాడు, అంతే.
ముప్పై ఏళ్ల జీతగాడు;
అతని మౌనానికి నేనెప్పుడూ జీతం కట్టలేదు.

ఆగస్టు పద్దెనిమిది.
రాత్రి మంచు కరిగి, ఓట్స్ చేను మీద ఎండ పడి
కళ్లు నొప్పెట్టేంత పచ్చదనం.
పిలక పిలకా నీళ్లే,
పళ్ల కింద పడ్డం ఆలస్యం, జారిపోయే మేత.
కంచె మూలన ఒక ఆవు పక్కకి ఒరిగి, చచ్చి ఉంది.
దాని కాళ్ల దగ్గర నేల
గిట్టలతో గోకి గోకి
రెండు నెలవంకలుగా గుల్లయింది.
పొదుగు నిండుగానే ఉంది.
దూడ ఇంకా తాగుతోంది.

ఫోనులో డాక్టరమ్మ ఉర్రుతియా చెప్పింది,
ప్రతి ఆకు పచ్చదనం నడుమా
ఆ లోహపు రేణువొకటి ఉంటుందని.
మోకాలి లోతు పచ్చలో నిలబడి
అదే చాలక చావడం!
ఎముకల్లో ఉందట గానీ, అడిగిన పూట చేతికి రాదు,
గడువు తీరని డిపాజిట్టు.
నెత్తురులో ఉండేది రోజుకూలి,
ఏ రోజుది ఆ రోజే.
పాలేమో పూటపూటా పట్టుకుపోతాయి.
లెక్కలు రాసేదాన్ని, నాకు వెంటనే అర్థమైంది.
అర్థం కావడం వల్ల ఒరిగిందేమీ లేదు.

మధ్యాహ్నం రెండోది. నాలుగొందల పన్నెండు.
జోరీగలు లేకుండానే చెవులు వణికించుకుంటోంది.
తాగినవాడి నడక.
నాకు నవ్వొచ్చింది, ఒక్క క్షణం.
ఆ నవ్వు ఏ పద్దు కింద రాయాలో ఇప్పటికీ తెలీదు.
అంతలో కుక్క మొరిగింది.
ఒక్క మొరుగు.
ఆవు కొయ్యబారి పడింది,
మెడ విల్లులా వెనక్కి, మూతిన నురగ,
పడుకునే పరిగెడుతున్నాయి నాలుగు కాళ్లూ.

బెలిసారియో ముందు నా నోరు మూశాడు, తర్వాత కుక్కది.
గేటు గొలుసు మోగకుండా
మెడగుడ్డ విప్పి చుట్టాడు.
మందు సీసా పోంచో లోపల, చంకలో పెట్టి వెచ్చబెట్టాడు.
అప్పుడు వినబడింది.
నాలుగడుగుల అవతల నించున్నా,
చెవి ఆనించకపోయినా,
ఆవు గుండె
ఖాళీ పీపాని పిడికిలితో గుద్దుతున్నట్టు.

సగం సీసా నరంలోకి, చుక్క చుక్కగా.
తొందరపడితే ఆ గుండే ఆగిపోతుందట.
సూది అతని చేతిలో, గడియారం నా చేతిలో.
మిగతా సగం తోలు కింద,
నిమ్మకాయంత ఉబ్బు, అరచేత్తో రుద్దుతూ.
గాలి కూడా మెత్తటి కాళ్లతో నడిచింది కాసేపు.
ఎప్పుడు తగ్గిందో చూడలేదు,
ఉన్నట్టుండి ఆ పీపా చప్పుడు లేదు.
వినబడకపోవడం ఇంత మంచి కబురని
నాకంతవరకూ తెలీదు.

తెప్పరిల్లింది. ముందుకాళ్లు మడిచింది. లేచింది.
లేచి, తల వంచి
తిన్నగా బెలిసారియో మీదికే ఉరికింది.
అరవై దాటిన మనిషి
కంచె మీంచి అంత ఒడుపుగా దూకగా చూడలేదు నేను.
అతని టోపీని తొక్కి, వాసన చూసి,
మళ్లీ మేతకి వంగింది.
"బాగైపోయింది" అన్నాడు, మోచేతి నెత్తురు తుడుచుకుంటూ.

పొద్దు వాలాక అడిగాను,
జూలైలోనే ఎందుకు చెప్పలేదని.
"పెన్సిలుతో కొట్టి ఉంటే చెప్పేవాణ్ణి" అన్నాడు.

సంచులొచ్చాయి. చేదని ఒక్క ఆవూ మూతి పెట్టలేదు.
చెరకు మడ్డి కలిపి
తొట్టి అంచున కూచున్నాడు బెలిసారియో, తొక్కుడుపడ్డ టోపీతో.
తల్లిలేని దూడ అతని వేలు చీకుతోంది.
వేల్లో పాలు లేవని దానికి తెలిసినట్టే ఉంది.
వదల్లేదు.