దూది లేవని పొద్దు

రేకు కింద కర్ర ఉంటాదని
నాకూ తెలియదప్పా ముందు.
ముప్పైయేండ్లు లారీల వెనక తామరపూలు రాసినోణ్ణి,
నెమళ్ళకు కండ్లు పెట్టినోణ్ణి,
కారంటే అంతా ఇనుమే అనుకున్నా.

ఆదోనిలో, నీలావతమ్మ టీ కొట్టు వెనక
తడికకు ఆనుకొని ఉండాది ఆ బండి.
ఏడు నెలల జీతానికి బదులు
జిన్నింగు మిల్లు సేటు
వాళ్ళ నాయన చేతిలో పెట్టిన తాళంచెవి.
సేటు పోయినాడు, డ్రైవరూ పోయినాడు.
వెనక సీట్లో కోడి మూడు మార్లు పొదిగింది.

"చీటీ పాడినా. తొమ్మిదివేలు.
కర్రా అందులోనే, రంగూ అందులోనే,
మీ ఇద్దరి కూలీ అందులోనే" అనింది.

హుసేనప్ప తలుపు పట్టుకొని కొంచెం ఎత్తినాడు.
జొన్నపిండి రాలినట్ల
చేతి నిండా చెదపొడి.
ఊదేసి, చెవి వెనక పెన్సిలు తీసినాడు.

టేకు మాట ఎత్తలేదు ఎవరూ.
కోట వీధిలో పడగొట్టిన ఇంటి ద్వారబంధం
ఆరు నూర్లకు మోసుకొచ్చినాడు.
పాత వేప. పసుపు ఇంకా వదలలేదు దానికి.
వంపు తిరిగే చోట తుమ్మ,
బండిచక్రాలు చేసినప్పటి మిగులు.
మేకు కొట్టలేదు, అన్నీ మరలే.
కోసిన కొసలకు అవిసెనూనె కాచి పోస్తా
"తాగినంత తాగనీ,
తాగిన కర్ర చెడిపోదు.
ఈ మాట మా తమ్మునికి చెప్పొద్దు" అన్నాడు.

కుడిపక్క గడపకర్ర పెరికిన దినం
దాని లోపలి మొగాన
మాసిపోయిన పెన్సిలు గీత.
ఒక బాణం. ఒక ౩. పక్కన 'పైకి' అని.
తెలుగులో!
సీమసరుకు, సీమసరుకు అని
సేటు ఊరంతా చెప్పుకునేవాడంట.
ఏ సీమో ఇప్పుడు తెలిసింది.

హుసేనప్ప ఆ కర్రను చాలాసేపు తిప్పి తిప్పి చూసినాడు.
కొత్తదాని మీద తనూ ఒక బాణం గీసి 'పైకి' అని రాసినాడు.
పేరు కూడా రాయి అంటే
"వచ్చేవానికి పై ఏదో తెలిస్తే చాల్లే" అని
రేకు మూసేసినాడు.

ఇంక నా పని.
బానెట్టు మీద అరచెయ్యంత జాగా
ఎమిరీ కాగితంతో రుద్దినా.
నలుపు, దాని కింద మీగడ,
దాని కింద బూడిదగుమ్మడి మీది నీలం,
అట్టడుగున చింతకాయ పచ్చ.
ఉల్లిగడ్డ కోసినట్ల వలయాలు.
ఏది వెయ్యాలమ్మా అంటే
నీలావతమ్మ తడిచెయ్యి కొంగుకు తుడుచుకొని
నీలం మీద వేలు పెట్టింది.
"నాయన తుడిచింది దీన్ని."

ఆ నీలం ఏ డబ్బాలో దొరకదు.
ట్రాక్టరు నీలం అడుగున మిగిలింది,
కిటికీల తెల్ల ఎనామిల్ లీటరు,
పుల్లతో ముంచిన ఒక్క చుక్క నలుపు.
కలపడం, ఎండలో పెట్టడం, మళ్ళా కలపడం.
గన్ను బాడుగకు డబ్బులు ల్యాక కుంచెతోనే ఆరు పూతలు,
పూతకూ పూతకూ నడుమ సబ్బునీళ్ళతో రుద్దుడు.
నా భుజం ఇప్పటికీ చెప్తాది ఎన్ని మార్లో.

ఈ ఊర్లో పగలు రంగు వెయ్యలేం.
మిల్లు తిరిగితే గాలంతా దూది.
తెల్లారి నాలుక్కే లేచి
నేల తడిపి, చొక్కా విప్పి,
ఊపిరి కూడా పక్కకు తిప్పి వేసినా.
అయినా ఒక పోగు
ఎడమ మడ్‌గార్డు మీద పడి అట్లే ఆరిపోయింది.
గీకుతానంటే నీలావతమ్మ ఒప్పుకోలేదు,
ఎందుకో చెప్పలేదు.

మొదటి వానకు తలుపు ఉబ్బి బిగుసుకుంది.
హుసేనప్ప వచ్చి రెండు పట్లు చిత్రిక పట్టినాడు,
ఆ పొట్టుతో పొయ్యి రాజుకుంది.
ఇప్పుడు తలుపు వేస్తే
'టప్' అని ఒకటే చప్పుడు, ఇంటి తలుపు మాదిరి.
కొట్టు కట్టేసినాక దాంట్లో కూచుంటాది కాసేపు,
స్టీరింగు వైపు కాదు,
ఆ పక్క సీట్లో.

మొన్న బస్సు దిగినాయన ఎవరో
చుట్టూ తిరిగి చూసి, మెచ్చుకొని,
ఇంజను ఎట్లుండాది అని అడిగినాడు.
"ఇంజనా?
అది వచ్చే చీటీకి" అనింది
గ్లాసులు కడుగుతా.