ఏడు డిగ్రీల గది

వేసవి నలభై నాలుగు దాటిన రాత్రుల్లో
ఏటుకూరు రోడ్డు మీద
నేనొక్కణ్ణే మంకీక్యాప్ పెట్టుకుని నడుస్తాను.
టీకొట్టు శౌరీలు రోజూ అదే జోకు వేసి
రోజూ కొత్తగానే నవ్వుతాడు.

మూడో చాంబర్లో ఏడు డిగ్రీలు.
కప్పుదాకా తేజా రకం టిక్కీలు,
చలిలో పండబెట్టిన నిప్పు.
అమ్మోనియా వాసన, మిరప ఘాటు
నా ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టి
ఇరవై రెండేళ్లు.

ఆ రోజు టిక్కీలు తిరగేస్తుంటే ఇన్నమ్మ కేకేసింది:
"వలీ, ఈ చెవికమ్మ ఎవరిదయ్యా?"

సంచి మూతి కుట్టు దగ్గర
తలకిందులుగా వేలాడుతూ
చింతగింజంత గూడు, లేత గులాబీ రంగు,
నడుము చుట్టూ బంగారు చుక్కలు.
నిజం బంగారమేమోనని
గోటితో గీకబోయి ఆగింది ఇన్నమ్మ.
చీటీ మీద తేదీ మార్చి పదకొండు.
కళ్ళం గట్టున జిల్లేడాకు మేసి
నీడ వెతుక్కుంటూ సంచెక్కి ఉంటుంది.
నలభై రోజులు.
లోపల ఎవరున్నారో, అసలు ఉన్నారో లేదో.

గోనె పీచుతో సహా కత్తిరించి
టిఫిను మూతలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను.

మా తహసీన్ బీఎస్సీ రెండో ఏడు, జువాలజీ.
ఫోన్లో బొమ్మ చూపించింది, దీనిది కాదు, వేరేదాన్ది.
చెట్లన్నీ కిందే ఆగిపోయిన ఎత్తున
రాళ్ళ మధ్య
మసిబొగ్గు రంగు సీతాకోకచిలుక.

"గుడ్డు పెట్టేది జానెడు కూడా లేని గడ్డి మీద.
పురుగు నాలుగు వారాలు మేస్తుంది,
మంచు పడగానే రాతికింద దూరి పడుకుంటుంది.
లేచి మళ్ళీ మేస్తుంది, మళ్ళీ పడుకుంటుంది.
రెక్కలొచ్చేసరికి రెండేళ్లు."
"మరి ఎగిరేది?"
"ఓ వారం. అదీ ఎండ కాస్తేనే."

నూట నాలుగు వారాల డ్యూటీకి
ఒక్క వారం జీతం.
మా ఓనరు కూడా అంత పిసినారి కాదు.

నెత్తురు గడ్డకట్టకుండా
ఒంట్లోనే తీపి పాకం కాచుకుంటుందంట.
మంచే దానికి దుప్పటంట,
మంచు పల్చనైన ఏడు చలికి చస్తుందంట.
ఈ మాట అర్థం కావడానికి నాకు రెండు టీలు పట్టింది.
నలుపు సోకుకి కాదంట, ఎండ తాగడానికి.
సూర్యుడి వైపు ఒరిగి కూర్చుంటుందంట,
చాంబర్లోంచి బయటపడ్డ తెల్లవారుజామున
నేను లోడింగు గోడకి వీపు ఆనించినట్టు.
గాలికి కొట్టుకుపోకుండా నేలబారుగా ఎగురుతుందంట.
అదొక్కటీ నాకెవరూ చెప్పక్కర్లేదు.

"ఏటేటా వేడెక్కి అవి ఇంకా పైకి జరుగుతున్నాయి" అంది.
"కొండ అయిపోతే?"
తహసీన్ లేచి ఫోను చార్జింగుకి పెట్టింది.

మనది ఆ జాతి కాదు.
ఇది ఎండల పిల్ల,
గుడ్డు నుంచి రెక్క దాకా నెల చాలు,
చలి అనే మాట దీని వంశంలో ఎవరూ విన్లేదు.
"ఆశ పెట్టుకోకు" అని
తనే దారం కట్టి కిటికీ ఊచకి వేలాడదీసింది.

మూడు రోజులు ఏమీ లేదు.
"చెవికమ్మ ఏమంటోంది?" అని
టిక్కీల చాటు నుంచి ఇన్నమ్మ.

ఈ సాయంత్రం నల్లబడింది.
రెక్కలు గూడు లోంచి కనబడే ముందు
నల్లబడుతుందంట.
చచ్చిపోయినా నల్లబడుతుందంట.
ఏది ఏదో పొద్దుటికి గానీ తేలదంట.

స్వెట్టర్ తొడుక్కున్నాను.
బయట గాలి పొయ్యి మీద మూత తీసినట్టుంది.
దారం ఊగుతుందేమోనని
ఆ గదిలో ఫ్యాను ఆపేశాను.
కిటికీ కింద చాప మీద తహసీన్,
ముక్కు చివర్నుంచి చెమట చుక్క
నోట్సులో పడింది.
తలెత్తి స్విచ్చి వంక చూసింది,
పేజీ తిప్పుకుంది.