కాసులమ్మత్త పళ్లెం

మాలేరి ఎర్రమట్టి మూడు బస్తాలు
మంచిర్యాల దాకా ఆటోలో,
అక్కణ్నుంచి రైల్లో నా కాళ్ల కింద,
చివరికి పడవలో భైరవపాలెం.
ఏం ఎరువండీ అన్నాడు పడవవాడు.
ఇరవై రెండు కోట్ల ఏళ్ల నాటిదన్నాను.
మూడు బస్తాలకీ టిక్కెట్టు కొట్టాడు.

మట్టిని ఎండబెట్టాలి, కిరసనాయిల్లో నాననివ్వాలి,
నీళ్లు పోస్తే పెళ్లలు వాటంతటవే విచ్చుకుంటాయి.
జల్లెడలో మిగిలిన నూకని
గింజ గింజా మైక్రోస్కోపు కింద వెతకాలి.
సెలవులో సగం మొదటి బస్తాకే పోయింది.
దొరికినవి: చేప పొలుసులు నాలుగు,
విరిగిన వెన్నుపూస ఒకటి,
మెడనొప్పి.

అత్త అరుగు మీంచి చూస్తూనే ఉంది.
ఇరవై ఏళ్లు రొయ్యపిల్ల ఏరిన చెయ్యి.
తెల్లపళ్లెంలో నీళ్లు,
నీళ్లలో వెంట్రుక తునకల్లాంటి ప్రాణాలు.
ఏది టైగరో ఏది చెత్తరొయ్యో
ఆల్చిప్పతో ఇటొకటి అటొకటి తోసేసేది.
వెయ్యి పిల్లలకి ఇంతని లెక్క.
హేచరీలొచ్చి ఆ లెక్క పోయింది.
కళ్లు మాత్రం ఉండిపోయాయి.

"అలాక్కాదురా, లే" అంది.
పళ్లెంలో చెంచాడు నూక, దాని మీద నీళ్లు.
అంచు మీద వేలితో ఒక్కటి కొట్టింది.
నూకంతా ఒక పక్కకి జరిగింది.
జరగనిదొకటి ఉండిపోయింది.

"ఇది రాయి కాదు.
దీనికి తినే బుద్ధుంది."

ఆవగింజలో సగం. మూడు మొనలు.
పన్ను.

ఎవరిదంటే ఏం చెప్పను?
పేరింకా పెట్టలేదు.
చుంచెలుకంత ఉండుంటుంది,
పురుగుల్ని కరకర నమిలుంటుంది.
అదే ఒడ్డున రెండు కాళ్ల మీద పరిగెత్తే కొత్తవాళ్లు కొందరు,
వాళ్లింకా రాక్షసులు కాలేదు,
మేకంత, మహా అయితే దూడంత.
ఎవరు పెరుగుతారో ఎవరు మిగులుతారో
ఒడ్డుకి తెలీదు.

"మరి సముద్రం?"
మన తూర్పున అప్పటికి సముద్రం లేదత్తా.
"గోదారి ఎందులో కలిసేది?"
గోదారీ లేదు.
ఆల్చిప్ప పక్కన పెట్టేసింది.
చాలాసేపు మాట్లాడలేదు.

ఆ వారమే తూర్పుగాలి తిరిగి చీరమీను పడింది.
తెల్లారుజామున పాతచీర ఒక కొస నా చేతికిచ్చి
నడుం లోతు నీళ్లలోకి దిగింది.
పైకెత్తితే చీర నిండా వణికే వెలుగు.
సోలెడు మనకి, మిగతాది యానాం బజారుకి.
మధ్యాహ్నం గారెలు వేసింది.
ఒక్కో కొరుకులో ఎన్ని వెన్నెముకలో,
ఒక్కటీ పంటికి తగల్లేదు.

మిగిలిన రెండు బస్తాలూ అత్తే చూసింది,
కళ్లజోడు లేకుండా, మధ్యమధ్య టీవీ సీరియలు చూస్తూ.
పదకొండు పళ్లు, ఒక దవడ ముక్క,
ఇంకా తేలనివి పిడికెడు.
అగ్గిపెట్టెల్లో దూది పరిచి పెట్టాను.
చీటీ మీద 'ఏరినవారు' అన్న చోట
పెమ్మాడి కాసులమ్మ అని రాసి వినిపించాను.
"వెయ్యికి ఎంతిస్తారు?" అంది.

కడిగిన మట్టినీళ్లు తూముదగ్గర వొంపితే
పాయలో ఎర్రగా ఒక చార
మడచెట్ల వేళ్ల దాకా సాగి
మెల్లగా మాయమైంది.

"ఎలాగూ ఇక్కడికే వచ్చేది కదరా,
ఏటా వరదకి గోదారే తెచ్చిపోసేది.
రైలు ఖర్చు దండగ."