సిగ్నెట్ దారిలో అంగడి

తారురోడ్డు గుట్ట దిగే మలుపులో
ఒక పాత ఫ్రిజ్, ఒక చెక్క అల్మారా, ఒక రేకుడబ్బా.
అదే నా అంగడి. అమ్మేవాళ్లుండరు.
చీజ్ ముక్కకి తొమ్మిది డాలర్లు, మేకపాల సబ్బుకి ఆరు,
తీసుకుని డబ్బాలో వేసి వెళ్లాలి.

మొన్న డబ్బాలో ఒక చీటీ:
"రెండు డాలర్లు తక్కువ. గురువారం ఇస్తాను."
గురువారం రెండు డాలర్లూ, పక్కన అరడజను నిమ్మకాయలూ.
కొసరు అమ్మేవాళ్లే ఇస్తారనుకున్నాను ఇన్నాళ్లూ.

ఆడది పుడితే పాలు.
మగది పుడితే లెక్కలు.
వాటికి పేర్లు పెట్టకు, అంది మోరాగ్,
ముప్పయ్యేళ్లు మేకలమ్మి మోకాళ్లరగదీసుకున్న పక్కపొలం మనిషి.
చెవికి పచ్చబిళ్ల, బిళ్ల మీద అంకె. అంతే.

పద్నాలుగుకి గడ్డం వచ్చింది.
ఎవరిదో ఉత్తరం ఆలస్యమైనట్టు
కంచె మీంచి రోడ్డుకేసి చూస్తూ నిలబడేవాడు.
పోస్టుమాస్టర్ అని నేను పైకి ఎప్పుడూ అనలేదు.

అక్టోబరు. టాస్మేనియాలో ఇది వసంతమే, వానకా సంగతి తెలీదు.
దశైం పండక్కని హోబార్ట్ నుంచి వచ్చాడు దిలారాం,
అద్దె ట్రైలరూ, గొడుగు మరిచిన బావమరిదీ.
వెన్ను మీద బొటనవేలు నొక్కి, కళ్లు మూసుకుని
"ముప్పై ఒకటి" అన్నాడు.
నా కాటా ముప్పై ఒకటిన్నర అంది.
ఆ అరకిలో దగ్గర మొదలైంది బేరం.
పళ్లు చూశాడు. గిట్టలెత్తి చూశాడు.
మెడకింది చన్నుల్ని వేలితో తట్టి నవ్వాడు.
పాలూ రావు, ధరా రాదు,
నా సబ్బుల లాభంలాగే
ఊరికే అందంగా వేలాడతాయవి.

తొమ్మిదన్నాను. ఏడన్నాడు.

ట్రైలర్ పలక మీద కాలు పెట్టబోయి ఆగాడు వాడు.
చెవుల్నుంచి తోక దాకా ఒక్కసారి ఒళ్లు దులిపాడు.
చినుకులు ముగ్గురి మొహాల మీదా పడ్డాయి.
దిలారాం చేతులు జోడించాడు.
"ఒప్పుకుంది.
మా ఊళ్లో నీళ్లు చల్లి, ఇలా దులుపుకునేదాకా ఆగుతాం.
ఒక్కోసారి పొద్దెక్కిపోతుంది."

ఇన్ని అమ్మాను. నేనొక్కదాన్నీ అడగలేదు.

ఎనిమిదికిచ్చాను. అరకిలో వదిలేశాను.
రవాణా కాగితం మీద పద్నాలుగు ఎదురుగా
రెండొందల నలభై ఎనిమిది వేసి,
ఎప్పుడూ ఖాళీగా ఉండే పేరు గడిలో
పేరు రాశాను.
మోరాగ్ చూస్తే తిడుతుంది.

తర్వాత మలుపు దగ్గరికి నడిచి
డబ్బా తెరిచాను.
సబ్బొకటి తగ్గింది. ఆరు డాలర్లున్నాయి,
తడిగా.