అరబారెడు ముందు

లెన్సు నాది కాదు.
డాబాగార్డెన్స్‌లో రోజు అద్దె పద్నాలుగు వందలు,
రాత్రి ఎనిమిదికల్లా తిరిగిచ్చేయాలి.
అప్పటిదాకా నా ఆధార్ కార్డు
వాళ్ళ సొరుగులో పడుకుంటుంది.

నేనేమో ఏయూ గ్రౌండులో
ముగింపు గీతకు ఇవతల బోర్లా పడుకున్నాను.
మోచేతుల కింద ఎర్రమట్టి.
మెడ మీది చెమటని సముద్రపు గాలి
ఉప్పు చేసి వదిలేస్తోంది.

అడ్డంగా పరిగెత్తే మనిషిని పట్టడం తేలిక.
మీదికొచ్చే మనిషితోనే తంటా.
ఇందాక కొలిచిన దూరం
ఈ అడుగుకి అబద్ధం.

రీలు కెమెరా రోజుల్లో
పూర్ణా మార్కెట్ దగ్గర మా గురువు గవరయ్య
తెల్లగీత మీద ముందే ఫోకస్ పెట్టుకుని
పులి కోసం మేకను కట్టేసినవాడిలా కూర్చునేవాడు.
వస్తే వచ్చింది.
రీలుకి ముప్పై ఆరే.

ఇప్పుడైతే గాజులో ఒక చిన్న పచ్చ చదరం.
బొటనవేలితో నొక్కి పట్టుకుంటే చాలు,
నాలుగో లైను పిల్ల కంటి మీద వాలి
జోరీగలా వదలదు.
టైమ్‌కీపరు తెల్లచొక్కా అడ్డొస్తే
తడబడి, కాస్త ఓపిక పట్టి,
చొక్కా దాటాక మళ్ళీ ఆ కన్నే వెతుక్కుంటుంది.
(నన్నెప్పుడైనా అలా చూశావా, అంటుంది మా ఆవిడ.)

అసలు సంగతి వేరే ఉంది.
అది పిల్ల ఉన్న చోటు చూడదు.
నేను నొక్కాక, తెర తెరుచుకునే లోపు,
రెప్పపాటు కూడా కాని ఆ సందులో
ఎక్కడికి వచ్చేస్తుందో లెక్కకట్టి
అక్కడ చూపు పరిచి ఉంచుతుంది.

ఈ లెక్క నేను మొన్న జాలరిపేటలో విన్నాను.
నాలుగో లైను పిల్ల చోడిపల్లి నూకరత్నం.
వాళ్ళ తాత ఎల్లాజీ వల చిరుగులు కుడుతూ,
నావైపు చూడకుండానే అన్నాడు:
"సేపున్నకాడ వలేస్తే నీళ్ళే వత్తాయి బావూ.
అది ఎల్లేకాడ ఎయ్యాల."

తుపాకీ పేలింది.
షామియానా మీది కాకులన్నీ ఒక్కసారి లేచాయి.
చదరం పట్టేసింది.
అరవై మీటర్లు. డెబ్బై.
అందరికన్నా ఒక భుజం ముందు.
వేలికింద సెకనుకి ఇరవై బొమ్మలు.

ఎనభై దగ్గర
ఆగిపోయింది.
పడలేదు.
ఎడమ తొడ వెనక
లోపల్నుంచి ఎవరో తాడు లాగినట్టు
నిలబడిపోయింది, అంతే.
మిగతా ఏడుగురూ
ఏరు రాయిని దాటినట్టు
ఇటూ అటూ దాటిపోయారు.

కెమెరాకి ఎవరు చెప్తారు?
ఇంకో రెండు ఫ్రేముల దాకా
ఆమె వస్తోందనే అనుకుంది.

బీచ్ రోడ్డు గోడ మీద కూర్చుని చూశాను.
ఆ రెండింట్లోనూ నూకరత్నం ముఖం పొగమంచు.
ఆమెకి అరబారెడు ముందు, ఎవరూ లేని చోట,
నాలుగో లైను సున్నపు గీత,
గీత అంచున గాల్లోకి లేచిన మట్టి రవ్వలు,
ఎవరిదో తెగిపడిన రబ్బరు బ్యాండు
సూదితో చెక్కినంత తేటగా ఉన్నాయి.

పేపరుకి గెలిచిన పిల్లదే పంపాను.
పంపాలి కదా.
"బాగుంది, చుట్టూ ఇంకొంచెం కత్తిరించు" అన్నారు.

దారి కాకపోయినా బండి పేటకి తిప్పాను.
గడప మీద కూర్చుని ఉంది.
తొడ కింద, చేపల పెట్టెలోంచి తీసిన ఐసుముక్క
తువ్వాల్లో చుట్టి.
కెమెరా వెనకవైపు తెర చూపించి
"మసకైపోయిందమ్మా, తీసేయనా?" అన్నాను.

ఎల్లాజీ వంగి చూశాడు.
ఏమీ అనలేదు. బీడీ ఆర్పాడు.

ఆమె తన ముఖం కేసి చూసుకోలేదు.
ఆ సున్నపు గీత మీద
ఐసు తడి వేలు ఆనించింది.
"ఆడికే ఎల్తన్నాను నాను," అంది.
కాసేపాగి,
"తీసీకండి."

డాబాగార్డెన్స్ చేరేసరికి ఎనిమిదిన్నర.
కొట్టువాడు ఇంకో రోజు అద్దె వేశాడు,
లెన్సుని దీపం కింద తిప్పి తిప్పి చూశాడు.
కెమెరా మాత్రం నాదే.
తెర మీద వేలంత నీటి మరక
చొక్కాతో తుడవబోయి
సంచిలో పెట్టేశాను.