బుధవారం రెండు గంటలు

మా ఆయన దొరసామి
చిత్తూరు బెల్లం మండీలో ఇరవయ్యేండ్లు పాట పాడినోడు.
రాగం పాట కాదు, వేలంపాట.
దిమ్మెను గోరుతో గీకి, నాలిక మీదేసుకొని
ధర ఎత్తుకున్నాడంటే
వేలూరు షావుకార్లకు కూడా గుక్క తిరిగేది కాదు.

మాఘంలో ఒక పొద్దున
పళ్లు తోముకుంటా ఉంటే బ్రష్షు జారి కింద పడింది.
తీసుకుందామని చూసినాడు, కుడిచెయ్యి మాట వినలా.
నన్ను పిలుద్దామని చూసినాడు,
నోరూ వినలా.

పెద్దాసుపత్రిలో పద్దెనిమిది దినాలు.
ఇంటికి తెచ్చుకున్నాక మాటలన్నీ పోయి
అంకెలు మాత్రం మిగిలినాయి.
"నలభై రెండు" అంటే దాహం.
దుప్పటి కప్పమన్నా నలభై రెండే.
"వెయ్యిన్నూట పది" అంటే కోపం.
ఒక్కోసారి నా మొగం చూసి
"ఒకటోసారి... రెండోసారి..." అని ఆగిపోతాడు.
మూడోసారి అనడు.

చూసేదానికి శానామంది వచ్చినారు.
బ్రెడ్డు పొట్లాలు, బత్తాయిలు, హార్లిక్స్ సీసాలు,
మంచినీళ్లకే పొలమారే మనిషికి.
ఒకాయన పావురం నెత్తురు పుయ్యమన్నాడు.
ఒకామె ఏ జన్మలో పాపమో అని
నేనిచ్చిన కాఫీ తాగి పోయింది.
అందరూ అడిగింది ఒకటే: "ఆయనకెట్లుంది?"

మంచానికి ఈ పక్క నేనుండాను.
రాత్రికి మూడుసార్లు ఆయన్ను ఒత్తిగిలబెట్టి నడుము పట్టేసి,
తల దువ్వుకొని నాలుగు దినాలై,
ఫీజు కట్టాలన్న పిల్లోడి మీద చెయ్యెత్తి,
ఈ మనిషి ఆపొద్దే పోయుంటే బాగుండునని
ఒక్క నిమిషం అనుకొని,
ఆ నిమిషాన్ని ఎవురికీ కనపడకుండా
బియ్యం డబ్బా అడుగున దాచిపెట్టుకొని.

గిరింపేట శంషాదక్క వచ్చింది ఒక బుధవారం.
చేతిలో ఏమీ తేలా.
గడపకాడ చెప్పులిడిచి, మంచం దిక్కు కాదు, నా దిక్కు చూసి
"కంటినిండా ఎప్పుడు నిద్రపోయినావు మే?" అనింది.
నేను లెక్కపెట్టుకుంటా ఉంటే
నా చేతిలో గిన్నె లాక్కొని
"పో. రెండు గంటలు. ఈడ నేనుంటా."

యాడికి పోయేది?
కాణిపాకం బస్సెక్కి కిటికీకి తలానించినా.
గుడికి పోలా. బస్సు దిగనేలేదు.
"స్టాపింగ్ వచ్చింది, దిగవామ్మా?" అని కండక్టరంటే
"నిద్ర చాల్లేదబ్బా, మళ్లీ చిత్తూరికి టిక్కెట్టియ్యి" అన్నా.

తిరిగొచ్చేసరికి ఆయన రాగిజావ తాగేసుండాడు,
మీసానికి ఒక్క చుక్క అంటకుండా.
"గడ్డం ఎదకానించి మింగమను.
బాగుండే చెంప పక్క పెట్టు గరిట.
చొక్కా వేసేటప్పుడు చెడిన చెయ్యి ముందు,
తీసేటప్పుడు మంచి చెయ్యి ముందు."
ఆసుపత్రి చీటీలో రాయని చదువు.
టెంపో తోలే ఆమె పెనిమిటి
మూడేండ్లుగా గోడ పట్టుకొని నడస్తా నేర్పించిండాడు.

చెప్పులేసుకుంటా, వీధి దిక్కు చూస్తా అడిగింది:
"చచ్చిపోతే బాగుండునని అనిపించిందా?"
నేను పలకలా.
"నాకూ అనిపించింది. పాపం కాదు మే అది. అలుపు."
ఆ రాత్రి బియ్యం కొలస్తా ఉంటే
డబ్బా అడుగు గరగరమనింది,
అంతే.

మళ్లీ బుధవారం వచ్చింది, ఆపై బుధవారమూ.
ఇప్పుడు ఆయన ఎడంచేత్తో ఇడ్లీ తుంచుకుంటాడు.
మాటలు రాలా. వస్తాయో రావో ఎవురూ చెప్పలా.

నిన్న శంషాదక్క మా ఇంట్లో కూచుంటే
నేను మురకంబట్టుకు పోయినా.
మోనిష అని పదో తరగతి పిల్ల,
వాళ్లమ్మకు ఎడమ పక్క బాగుంది, కుడి పక్క లేదు.
నాయన బెంగుళూరులో సెంట్రింగు పని.
నేను చేతిలో ఏమీ తీసకపోలా.
"లెక్కల పరీక్ష ఎన్ని గంటలకు మే?" అన్నా.
ఆ పిల్ల నన్ను చూసింది, గడియారం చూసింది,
అట్ట చంకన పెట్టుకొని మెట్లమీంద దూకతా పరిగెత్తింది.

నేనూ, వాళ్లమ్మా మిగిల్నాము.
ఆమె నా కొంగు పట్టుకొని
"తాళంచెవి" అనింది.
మళ్లీ అనింది, గట్టిగా, "తాళంచెవి."
నీళ్లా, దుప్పటా, కూతురా?
కుర్చీ దగ్గరికి లాక్కున్నా.
రెండు గంటలుంది కదా,
నేర్చుకుంటా.