తీసినప్పటి ఉంగరం

డొల్గెథ్లైలో వారానికి ఎనిమిది రోజులు వాన.
నా దుకాణం గంట మోగిందంటే
ముందు గొడుగు లోపలికొస్తుంది, తర్వాత మనిషి.

గెథిన్ మొదటిసారి ఒక్కడే వచ్చాడు.
జేబులోంచి పార్సిళ్లు కట్టే దారం తీశాడు,
దానికి రెండు ముడులు.
ఆమె నిద్రలో ఉండగా కొలిచాడట.
"ఏ వేలు?" అన్నాను.
తన చేతినే అటూ ఇటూ తిప్పి చూసుకుని
నాలుక కరుచుకున్నాడు.

రాయి పేచీ లేదు,
వాళ్ల నాయనమ్మ బ్రూచీలోంచి ఊడిన చిన్న నీలం.
తేలనిదల్లా పట్టీ.
నల్లగుడ్డ పరిచి నమూనాలు పెట్టాను.
పడవతాడులా మెలిపెట్టినది,
కత్తివాదరలా నడుమ వెన్ను తేలినది,
రాయి దగ్గర రెండుగా చీలి, ఆవల మళ్లీ కలిసేది,
చుట్టూ వజ్రపు నూకలు పొదిగినది.
అతని చూపు నూకల మీద ఆగింది.
అందరి చూపూ అక్కడే ఆగుతుంది.

"ఆ చేతులు ఏం పని చేస్తాయి?"

పశువుల డాక్టరట.
మార్చి నెల రాత్రుళ్లు, కొండ మీది కొట్టాల్లో,
తడిగడ్డిలో మోకరిల్లి
మోచేతి దాకా చేయి పోనిచ్చి
అడ్డం తిరిగిన గొర్రెపిల్లను సరిచేస్తుందట.
చెబుతూ చెబుతూ తనే
నూకల పట్టీని గుడ్డ చివరికి జరిపాడు.
కాసేపటికి మెలితాడును.
ఆ తర్వాత చీలినదాన్ని.
మిగిలింది ఏ పనితనమూ కనపడని నున్నటి పట్టీ,
వేలికి తెలియకుండా లోపలంతా గుండ్రం తిప్పినది.
"మరీ బోడిగా లేదూ?" అన్నాడు దిగాలుగా.

శనివారం ఆమెనే వెంటబెట్టుకొచ్చాడు.
రహస్యం అతని పొట్టలో నాలుగు రోజులాగలేదు.
మెరెరిద్.
బూట్లకు బురద, చేతులకు అయోడిన్ వాసన,
మొదలంటా కత్తిరించిన గోళ్లు.
కొలత రింగుల గుత్తిని తాళంచెవుల్లా గలగలలాడించి
అతను చెప్పిందంతా విని నవ్వేసింది.
"ఏదైనా ఒకటే గెథిన్. పనికి పోతే తీసేస్తాగా.
సగం రోజు అది సింకు గట్టు మీద,
సబ్బు పక్కన, పెరుగు కప్పులో ఉంటుంది."

గోడ గడియారాలన్నీ ఒక్కసారిగా వినపడ్డాయి.
అతను నీలాన్ని కాగితంలో మడవసాగాడు,
అవసరమైనదానికన్నా చిన్నగా.

ఆమె అటు చూడలేదు.
తన చేతి గడియారం విప్పుతోంది.
కింద, బెల్టు ఎంత వెడల్పో అంతా
చర్మం పాలిపోయి లోపలికి నొక్కుకుపోయి ఉంది.
దాని మీద బొటనవేలితో రాస్తూ నన్నడిగింది,
"ఇలాంటి గుర్తు పడాలంటే
ఉంగరం ఎంత వెడల్పుండాలి?"

నలభై ఏళ్లుగా ఈ కౌంటర్ వెనక నిలబడ్డాను.
మెరుపెంత అన్నారు, బరువెంత అన్నారు,
అరిగేదెన్నాళ్లకి, అమ్మితే ఎంతొస్తుంది అన్నారు.
తీసేశాక ఏం మిగులుతుందని ఎవరూ అడగలేదు.

సన్నతీగైతే తీసి చేయి కడుక్కునేలోగా మాసిపోతుంది, అన్నాను.
మూడు మిల్లీమీటర్లైతే ఒక కాన్పు దాకా ఆగొచ్చు, తేలిక కాన్పైతే.
నాలుగున్నర పెట్టి, లోపలివైపు చదునుగా వదిలేస్తే
ఏడాది తిరిగేసరికి
వేలే దానికి గూడు కట్టిపెడుతుంది.

"అదీ," అంది.
లోపల గుండ్రం తిప్పొద్దంది. కాస్త పట్టుకోవాలంది.
గెథిన్ కాగితం మడతలు ఒక్కొక్కటే విప్పాడు.
రాయిని పట్టీలోకి దించేయమన్నాడు,
పెరుగు కప్పులో దొర్లినా గీత పడకుండా.

గొడుగు మరిచిపోయి వెళ్లారు.
వానలోకి కేకేశాను, అప్పటికే వంతెన దాటారు.

పుస్తకంలో కొలత రాసుకున్నాను.
దీపం కింద నా ఎడమ చేయి పెట్టి చూసుకున్నాను.
గుర్తు పూర్తిగా పోవడానికి రెండు చలికాలాలు పట్టింది,
ఆ లెక్క వాళ్లకు చెప్పలేదు.
ఉంగరాన్ని ఒక్క సాయంత్రంలో కరిగించేశాను.
వేలు మాత్రం తొందరపడలేదు.